కాలువ నిండుగా ఎందుకుంది?

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. ఈ ఏడాదే డిగ్రీలో చేరాను. సినిమా, దృశ్య మాధ్యమాల విశ్లేషణ మాకు ఒక పేపరు. నచ్చిన సన్నివేశం గురించి రెండు పేజీలు రాయమన్నారు. కోనసీమలో తీసిన ఒక సినిమాలో పెళ్లివారు పడవ దిగే సన్నివేశం తీసుకుని కథంతా రాశాను. పెళ్లి వైశాఖంలో, కాలువేమో గట్లు ఒరుసుకుని పారుతోంది, అది తప్పు అని చివర ఒక వాక్యం చేర్చాను. పదికి మూడు మార్కులొచ్చాయి. ఆ వాక్యం పక్కన మాస్టారు ‘అయితే?’ అని రాశారు. ఇలా తప్పులు వెతికితే ఇక సినిమా ఏం ఆనందిస్తావని మా అక్క అంటోంది. అసలు ఎలా చూడాలి?
– విద్యార్థిని, రాజోలు

జవాబు: తల్లీ, ఆ ‘అయితే?’ను ఎత్తిపొడుపు అనుకోకు. రెండు పేజీల్లో పనికొచ్చే వాక్యం అదొక్కటే. దాన్ని సగంలో వదిలేశావు.

దాళ్వా (రెండో వరి పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారని, అంతకుముందే మంచినీళ్ల చెరువులు నింపుకోవాలని, మళ్లీ నీరు వదిలేది జూన్‌లోనేనని మన డెల్టాలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో టికెట్టు కొన్నవారికి అది తట్టదు, నీకు తట్టింది. కానీ తప్పు పట్టి ఊరుకుంటే అది ఎర్ర సిరా పని. దర్శకుడికి అక్కడ నీళ్లు ఎందుకు కావలసి వచ్చాయి? అడుగున బీటలు తీసిన బురద, ఎండిన గుర్రపుడెక్క కనిపిస్తే పెళ్లివారు పడవలో రాలేరు, దుమ్ములో ట్రాక్టరు మీద రావాలి. నీళ్లుంటే కొబ్బరిచెట్లు నీడలతో కలిసి రెండింతలవుతాయి. ఆ ఇంట దేనికీ లోటు లేదని ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే తెలిసిపోతుంది. సరే, ఆ సొగసు కోసం ఎవరిని పక్కకు నెట్టారు? పడవ నడిపే మనిషి ముఖం ఒక్కసారైనా చూపించారా? రేవులో గిన్నెలు తోమేవాళ్లు ఏమయ్యారు? ‘అయితే?’ అన్నదానికి జవాబు అక్కడ మొదలవుతుంది.

నాకీ చూపు ఏ కాలేజీలోనూ రాలేదు. మా నాన్న పాలకొల్లులో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. వేసవి సెలవుల్లో మ్యాట్నీ వేళకు క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. ఆయన అన్నం తినే పావుగంటా గోడలోని చిన్న కిటికీలోంచి సినిమా చూసేదాన్ని. ప్రొజెక్టరు రొదలో ఒక్క మాటా వినపడేది కాదు. పైగా రోజూ అదే పావుగంట! మొదలు తెలియదు, చివర తెలియదు. మూడో రోజుకు కథ మీద ఆశ వదిలేసుకుని మిగతావి చూడడం మొదలుపెట్టాను. కోడలు మాట్లాడుతుంటే కెమెరా అత్తగారి మీదే ఉంటోంది. తండ్రి వచ్చి నిలబడితే గుమ్మం ఇరుకైపోతోంది. ఒకరోజు హీరో భలే ఏడ్చాడని ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. మర్నాడు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తే ఆయన ఏడవనే లేదు. ఊరికే నిలబడ్డాడు. ఆ వెంటనే వాన జారుతున్న కిటికీ అద్దం చూపించారు, అంతే.

ఈ కనికట్టును రష్యాలో ఎప్పుడో పరీక్షించి చూశారని చాలా ఏళ్లకు చదివాను. సుమారు 1920 ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే ఆయన, ఏ భావమూ లేని ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నెతో, ఒకసారి శవపేటికతో, ఒకసారి ఒక స్త్రీతో కలిపి అతికించాడు. ముఖం షాటు మూడుసార్లూ అదే. చూసినవాళ్లు మాత్రం ఆకలి, దుఃఖం, కోరిక ఎంత బాగా పలికించాడని నటుణ్ణి మెచ్చుకున్నారట.

కాబట్టి ఆ సన్నివేశాన్ని ఫోనులో పెట్టి, శబ్దం పూర్తిగా తీసేసి మూడుసార్లు చూడు. షాట్లు లెక్కపెట్టు. ఒక్కో షాటులో కెమెరా ఎక్కడుందో, ఎవరి కళ్లతో చూస్తోందో ఒక్కో వాక్యం రాసుకో. తర్వాత ఫోను బోర్లించి విను. సన్నాయి ఏ షాటు దగ్గర ఆగిందో గుర్తు పెట్టుకో. ‘అద్భుతం’, ‘హృద్యం’ లాంటి మాటలు ఈ కాగితం మీదికి రానివ్వకు. కథ రెండు వాక్యాలు చాలు, మాస్టారికి కథ తెలుసు.

మీ అక్కకు చెప్పు, నేను ఇప్పటికీ హాల్లో వెక్కివెక్కి ఏడుస్తాను. ఏ షాటు దగ్గర ఏడిపించారో ఇంటికొచ్చి రాసుకుంటాను కూడా.

ప్రశ్న: పాత సినిమాల్లో తెర కుడివైపు పైమూల ఒక చుక్క మెరిసి మాయమవుతుంది. అది మచ్చా?
– పాఠకుడు, నరసాపురం

జవాబు: మచ్చ కాదండీ, ఆపరేటరుకు సైగ. సినిమా చాలా రీళ్లుగా వచ్చేది, రెండు ప్రొజెక్టర్ల మీద ఒకదాని తర్వాత ఒకటి నడిపేవారు. రీలు అయిపోవడానికి సుమారు 8 సెకన్ల ముందు మొదటి చుక్క వస్తుంది, రెండో ప్రొజెక్టరు మోటారు వేయమని. చివరి సెకనులో రెండోది, దానికి మార్చమని. మా నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని కూడా ఆ మూల మీంచి చూపు తిప్పేవారు కాదు. ఒక్కసారి తప్పితే తెర తెల్లబోయేది, నేల టికెట్టు నుంచి ఈలలు మొదలయ్యేవి.