జ్యూరీ కావాలా, జడ్జి ఒక్కరే చాలా?

ప్రశ్న: మా మేనల్లుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, ఒక కంపెనీ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాడు. బిల్లుల్లో అంకెలు మార్చి సొమ్ము కాజేశాడని అతనిపై క్రిమినల్ కేసు పెట్టారు. పై అధికారి చెప్పినట్టే మార్చానని, పైసా ముట్టలేదని అతనంటున్నాడు. విచారణ జ్యూరీ (తీర్పు చెప్పడానికి ఎంపికచేసిన మామూలు పౌరుల బృందం) ముందు జరగాలో, జ్యూరీని వదులుకుని జడ్జి ముందే జరగాలో తేల్చి చెప్పమని అక్కడి లాయరు అడుగుతున్నారట. చదువుకున్న జడ్జి ఉండగా, దారిన పోయే పన్నెండు మంది చేతిలో పిల్లవాడి బతుకు పెట్టడమెందుకని నాకనిపిస్తోంది. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, చూళై, చెన్నై

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. మన కోర్టుల్లో జ్యూరీని చూసినవారు ఇప్పుడు దాదాపు లేరు కనుక అలా అనిపించడం సహజమే. అయితే అక్కడ జ్యూరీ అన్నది ముద్దాయికి 1791 నాటి ఆరో రాజ్యాంగ సవరణ ఇచ్చిన హక్కు. రాష్ట్రాల కోర్టులు కూడా దానిని మన్నించాలని 1968లో డంకన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. దోషి అని చెప్పాలంటే జ్యూరీ సభ్యులందరూ ఏకమాట మీద ఉండాలని 2020లో రామోస్ కేసులో తేల్చింది. టెక్సాస్‌లో పెద్ద నేరాలకు జ్యూరీ పన్నెండు మంది, చిన్న నేరాలకు ఆరుగురు. ఆ పన్నెండు మందిలో ఒక్కరికి సందేహం తీరకపోయినా దోషి అన్న తీర్పు రాదు. అప్పుడు ప్రాసిక్యూషన్ మళ్లీ విచారణ కోరవచ్చు గానీ, అప్పటికి శిక్ష మాత్రం పడదు. జడ్జి ముందైతే ప్రాసిక్యూటర్ ఒప్పించవలసింది ఒక్కరినే.

జ్యూరీ అంతా ఏకమాట మీద ఉండాలన్న నియమం ఎంత ముఖ్యమో మన మద్రాసు హైకోర్టు చరిత్రలోనే కనబడుతుంది. సినిమావాళ్ల గుట్లు రాసే పాత్రికేయుడు లక్ష్మీకాంతన్ హత్య కేసులో నటులు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్‌లను 1945లో దోషులన్నది జ్యూరీయే. ఆనాడు మెజారిటీ మాట చాలు, అందరూ ఒప్పుకోనక్కరలేదు. వ్యవహారం ఆనాటి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి, 1947లో వారు నిర్దోషులుగా బయటికి వచ్చేసరికి రెండేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. ఇక బొంబాయిలో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు మరోవైపుగా నిర్దోషి అంటే, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది. అమెరికాలో ఆ వీలు లేదు. జ్యూరీ అయినా జడ్జి అయినా నిర్దోషి అని విడుదల చేస్తే ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. మనకేమో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి, జ్యూరీ విచారణను పూర్తిగా తీసివేసింది.

జడ్జి పట్ల మీకున్న నమ్మకానికి కారణం మరొకటి కూడా ఉందనుకుంటాను. నా దగ్గరికి వచ్చే కుటుంబాలు తీర్పు నకలు చేతికి రాగానే కుర్చీలో కూర్చోకుండానే పేరాల వెంట వేలు జరుపుతూ 'మా సాక్షి మాట ఎందుకు నమ్మలేదో ఎక్కడ రాశారండీ' అని అడుగుతారు. ఆ కారణాలు మన జడ్జి రాసి తీరాలి, అప్పీలంతా వాటి మీదే నడుస్తుంది. జ్యూరీ కారణాలు చెప్పదు. అయితే అక్కడి రాష్ట్ర కోర్టుల్లో జడ్జి కూడా మన దగ్గరలా పేజీలకు పేజీలు రాయకుండా దోషి అనో, కాదనో ప్రకటించి ముగించవచ్చు. అందుచేత కారణాల కోసమని జ్యూరీని వదులుకోవడం మీరనుకున్న ఫలితం ఇవ్వకపోవచ్చు.

నన్నడిగితే, వివాదం ఎక్కడుందో చూడాలి. చట్టం మాటకు అర్థమేమిటి, ఈ లావాదేవీ ఆ నేరం కిందికి వస్తుందా రాదా అన్నదే తగువైతే, లేక ఆరోపణ వినగానే జనానికి ఒళ్లు మండే రకమైతే, జడ్జి ముందుకు వెళ్లడంలో అర్థముంది. మీ మేనల్లుడి కేసు అలాంటిది కాదు. అంకెలు మార్చిన మాట అతనే ఒప్పుకుంటున్నాడు. ఎవరు మార్చమన్నారు, అతని మనసులో మోసం ఉందా లేదా అన్నదే మిగిలింది. పై అధికారి చెప్పిన పని కాదనలేక చేసిన ఉద్యోగి పరిస్థితి, తాము కూడా ఉద్యోగాలు చేసుకునే పన్నెండు మందికి తేలికగా అర్థమవుతుంది. నా మొగ్గు జ్యూరీ వైపే. భాష, యాస, రంగు కారణంగా పక్షపాతం చూపుతారని మీ అక్కగారు భయపడవచ్చు. జ్యూరీ ఎంపికలో లాయర్లు ఒక్కొక్కరినీ ప్రశ్నించి, పనికిరారనుకున్నవారిని తొలగించమని కోరవచ్చు, జాతిని బట్టి తొలగించడం మాత్రం 1986 నాటి బాట్సన్ తీర్పు ప్రకారం చెల్లదు.

రెండు సంగతులు అతను ఇప్పుడే లాయరును అడగాలి. జ్యూరీని వదులుకోవడం ఒక్కడి ఇష్టం కాదు: టెక్సాస్‌లో ముద్దాయి కోర్టులో స్వయంగా, రాతపూర్వకంగా కోరాలి, ప్రాసిక్యూటరూ జడ్జీ ఒప్పుకోవాలి. రెండోది వీసా. శిక్ష పడినా, రాజీగా నేరం ఒప్పుకున్నా దేశం విడిచి వెళ్లవలసి రావచ్చు. ఆ ప్రమాదాన్ని లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో పడీలా కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ చాలా కేసులు విచారణ దాకా రాకుండా రాజీలోనే ముగుస్తాయి గనుక ఇది మరీ ముఖ్యం. ఇక మీ అక్కగారికి చెప్పండి: జ్యూరీని వదులుకునే కాగితం మీద సంతకం పెట్టేది అతను, మనమెవరమూ కాదు. కనుక ఈ వారం మనం అతన్ని తొందరపెట్టకుండా, లాయరుతో గంటసేపు తీరిగ్గా కూర్చోనివ్వాలి.