నాన్న ఉప్పు మడులు, నలుగురి ముందు పది నిమిషాలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర పల్లె. నాన్న ఉప్పు మడుల్లో పనిచేస్తారు. రెండు వేసవులు ఆయన వెంట తిరిగి తీసిన 28 ఫోటోలే నా ప్రాజెక్టు. వచ్చే నెల మా బ్యాచ్ ప్రదర్శన. ఒక్కొక్కరం పది నిమిషాలు మాట్లాడి, చూడవచ్చినవారి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇంగ్లీషులో వివరణ రాసుకున్నాను గానీ చదువుతుంటే నా మాటల్లా లేవు. నలుగురి ముందు గొంతు పెగలదని భయంగా ఉంది. ఫోటోలూ వివరణా పంపుతున్నాను. – ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, నీ వివరణ నాలుగుసార్లు చదివాను. శ్రమ, ప్రకృతి, అస్తిత్వం వంటి పెద్ద మాటలన్నీ ఉన్నాయి, మీ నాన్నగారు మాత్రం లేరు. ఆ కాగితం పక్కన పెట్టు.

ఏడో ఫోటో దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాన్నగారి మడమ, పగుళ్లలో తెల్లగా పేరుకున్న ఉప్పు. కెమెరా అంత కిందికి రావాలంటే నువ్వు ఆ తడిలో మోకాళ్ల మీద కూర్చుని ఉండాలి. అప్పుడు ఆయన ఏమన్నారు? కాలు వెనక్కి తీసుకున్నారా? ‘ఇదెందుకమ్మా, ముఖం తీయి’ అన్నారా? అక్కడ మొదలుపెట్టు, తెలుగులోనే. ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే పక్కన ఒక స్నేహితురాలు అనువదిస్తుంది. మడి గట్టుకూ పారకూ మీ ఊళ్లో ఏ మాట వాడతారో ఆ మాటే వాడు.

28 ఎక్కువ. అన్నీ పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి నేలమీద పరుచు. ఒకటి చెప్పిందే మరొకటి చెబుతుంటే ఒకదాన్ని తీసెయ్. సూర్యాస్తమయాలు నాలుగున్నాయి. మడిలో నీళ్లు అద్దంలా ఉంటాయి గనుక అక్కడ ఎవరు తీసినా అందంగానే వస్తుంది, అందుకే నాలుగూ వద్దంటున్నాను. పన్నెండు మిగిలితే చాలు. మెరుపు లేని కాగితం మీద వేయించు, అద్దం బిగించకు. తెల్లటి ఉప్పు మీద దీపాల ప్రతిబింబం పడితే ఏమీ కనిపించదు. ఫోటో మధ్యభాగం నేల నుంచి సుమారు 58 అంగుళాల ఎత్తులో ఉంటే చాలామందికి కంటికి ఎదురుగా ఉంటుంది.

ఒక కోరిక కూడా ఉంది. 1830ల్లో ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ కాగితం మీద తొలి ఫోటోలు చేసింది మామూలు ఉప్పుతోనే. పలచని ఉప్పునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సిల్వర్ నైట్రేట్ పూస్తే, వెలుగు తగిలి నల్లబడే సిల్వర్ క్లోరైడ్ తయారవుతుంది. పైన నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ దిగుతుంది, తరవాత కడిగి బొమ్మను చెరగకుండా నిలిపే హైపో ద్రావణంలో వెయ్యాలి. నాన్నగారు తీసిన ఉప్పు గుప్పెడు తెప్పించుకుని ఆయన ముఖాన్ని అలా ఒక్కటి ముద్రించు. సిల్వర్ నైట్రేట్ కంట పడితే ప్రమాదం. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకో, మీ మాస్టారు పక్కన ఉండగానే చెయ్యి.

భయం సంగతి. 1839 ఆగస్టు 19న పారిస్‌లో ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డగేర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని తొలిసారి బహిరంగంగా వివరించినప్పుడు, డగేర్ గొంతు బాగాలేదని చెప్పి మాట్లాడలేదు. ఆయన బదులు శాస్త్రవేత్త అరాగో మాట్లాడాడు. నీ బదులు మాట్లాడగలవారు లేరు తల్లీ. ఆ మడుల్లో నీ వెంట ఎవరూ రాలేదు.

అన్నిటికన్నా ముందు చెయ్యవలసింది ఒకటుంది. ఆ పన్నెండూ తీసుకుని ఊరు వెళ్లు. ఆయన తీసుకొమ్మన్నది కూతురు చూడటానికి. హైదరాబాద్‌లో గోడకు వేలాడదీయడానికి మళ్లీ అడగాలి. ఒకప్పుడు నా విద్యార్థి ఒకడు కూలిపనికి వెళ్లే ఒకామె ఫోటో పెట్టాడు. బాగుందని పెట్టించింది నేనే. చూడటానికి వచ్చిన ఆమె తన ఫోటో ముందు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇరవై ఏళ్లయినా ఆ కొంగు నన్ను వదలలేదు. నాన్నగారు మడమ వద్దంటే, అది ఎంత గొప్ప ఫోటో అయినా తీసెయ్.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. విద్యార్థుల ప్రదర్శనలకు వెళ్తుంటాను. ఫోటోగ్రఫీ తెలియదు, ప్రశ్నలు అడగవచ్చా? – సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: తప్పకుండా అడగండి. ఏ కెమెరా అని మాత్రం వద్దు. అక్కడికి ఎన్నిసార్లు వెళ్లావు, తీయవద్దని ఎవరైనా అన్నారా, ఏ ఫోటో తీసేయడానికి మనసొప్పలేదు అని అడగండి. ఇంకో మనవి. చివర మాట్లాడే విద్యార్థి వంతు వచ్చేసరికి హాలు ఖాళీ అవుతుంది. దయచేసి మీరు అప్పటిదాకా ఉండండి.