ఒక్క పాస్‌తో ఓర్లాండో హోటల్ బిల్లు ఎంత తగ్గుతుంది?

"ఇంట్లో ఒక్కరికి యాన్యువల్ పాస్ కొంటే డిస్నీ హోటల్లో ముప్ఫై శాతం తగ్గుతుందట, కొనెయ్యమంటారా?" సెలవులు దగ్గర పడగానే అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర్నుంచి మొదలయ్యే ప్రశ్న ఇది. యాన్యువల్ పాస్ అంటే ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ పార్కులకి ఏడాది పొడవునా చెల్లే టికెట్. అడిగేవాళ్ళలో సగంమంది మనసులో అప్పటికే కొనేసి ఉంటారు, పెద్దవాళ్ళ చేత ఔననిపించుకోవడం ఒక్కటే మిగిలి ఉంటుంది.

డిస్నీకి ఏడాదిలో ఒక్కసారే వెళ్ళేట్టయితే వద్దు. రెండుసార్లు వెళ్ళడం ఖాయమైతే, కింద చెప్పిన లెక్క వేసుకున్నాక, ఒక్కరికి మాత్రం కొనండి. "పాస్ ఉంటే ఎలాగూ రెండోసారి వెళ్తాంలే" అన్న మాట ఖాయం కిందకి రాదు. రెండోసారికీ నలుగురికి విమాన టికెట్లు కావాలి, ఆఫీసులో సెలవు దొరకాలి, పిల్లల బడి కలిసి రావాలి. డిస్కౌంటు కోసం ప్రయాణం పెట్టుకుంటే డబ్బు మిగలదు, ఖర్చవుతుంది.

అసలు ఈ కిటుకు ఎందుకు పనిచేస్తుందంటే, తగ్గింపు మనిషికి కాదు, గదికి. గదిలో దిగే పెద్దవాళ్ళలో ఒకరి పేరున పాస్ ఉంటే చాలు, మిగతావాళ్ళు మామూలు టికెట్లు కొనుక్కోవచ్చు. అమ్మానాన్నలు వచ్చారని రెండు గదులు తీసుకున్నా సాధారణంగా రెండింటికీ వర్తిస్తుంది. ఎన్ని గదుల దాకా అన్నది ఆ ఆఫర్ షరతుల్లో రాసి ఉంటుంది. పాస్ ఉన్నవాళ్ళు మాత్రం అందులో ఒక గదిలో దిగాల్సిందే. తమ్ముడి కుటుంబానికి గది బుక్ చేసి ఇచ్చి మీరు ఇంట్లో కూర్చుంటే కుదరదు. చెకిన్ దగ్గర పాస్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు అడుగుతారు, చూపించలేకపోతే మామూలు రేటు వేస్తారు.

డిస్నీ వరల్డ్‌లో 2021 నుంచి నాలుగు రకాల పాసులున్నాయి: పిక్సీ డస్ట్, పైరేట్, సోర్సరర్, ఇంక్రెడి. మొదటి రెండూ ఫ్లోరిడా నివాసులకే. మూడోది ఫ్లోరిడా వాళ్ళకీ, డిస్నీ వెకేషన్ క్లబ్ సభ్యులకీ (అంటే డిస్నీ రిసార్టుల్లో వాటా కొనుక్కున్నవాళ్ళకి). డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండేవాళ్ళకి మిగిలేది ఇంక్రెడి ఒక్కటే, అన్నిటికంటే ఖరీదైనదీ అదే, 1,500 డాలర్లు దాటింది. పాసుకి పిల్లల ధర అంటూ లేదు, మూడేళ్ళు నిండిన బుడ్డోడికీ అదే రేటు. అందుకే ఇంటిల్లిపాదికీ కొనొద్దని చెప్పడం. ఫ్లోరిడా నివాసి అంటే అక్కడి అడ్రస్ ఉన్నవాళ్ళని అర్థం. డ్రైవింగ్ లైసెన్స్ చూస్తారు, మీ వీసా ఏదన్నది వాళ్ళకి అనవసరం. టాంపాలోనో జాక్సన్‌విల్‌లోనో ఉంటూ ఈ సంగతి తెలియక ఇంక్రెడి వైపు చూసేవాళ్ళుంటారు. ఫ్లోరిడా వాళ్ళకి పాస్ లేకపోయినా విడిగా గది ఆఫర్లుంటాయి, ముందు అవి చూడండి.

ఇక లెక్క. మనవాళ్ళు తప్పేది ఇక్కడే. ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్ళు కూడా డిస్కౌంట్ అన్న మాట వినగానే కూడికలు మర్చిపోతారు. కింది అంకెలు పద్ధతి చూపించడానికి పెట్టినవి, మీ తేదీలకి మీ అంకెలు వేసుకోండి.

పన్నుతో కలిపి పాస్ 1,700 డాలర్లు, అదే మనిషికి ఐదు రోజుల టికెట్ 750 అనుకుందాం. ఎలాగూ టికెట్ కొనేవారే కాబట్టి పాస్ వల్ల పడే అదనపు భారం 950. గది బోర్డు రేటు, అంటే ఏ తగ్గింపూ లేని రేటు, రాత్రికి 280, పాస్ వాళ్ళకి ముప్ఫై శాతం తగ్గింపు. అంటే రాత్రికి 84, దాని మీద కట్టక్కర్లేని పన్ను 10.50, కలిపి 94.50. (ఆరెంజ్ కౌంటీలో హోటల్ పన్ను 12.5 శాతం. డిస్నీ వాళ్ళవే అయిన ఆల్ స్టార్ హోటళ్ళు పక్క కౌంటీ కిందకి వస్తాయి, అక్కడ 13.5.) 950ని 94.50తో భాగిస్తే దాదాపు పది రాత్రులు. "రెండు ట్రిప్పుల్లో వచ్చేసింది కదా" అని ఇక్కడే లెక్క ఆపేస్తారు.

ఆపకూడదు. బోర్డు రేటు కట్టి దిగేవాళ్ళు తక్కువ. ఏడాదిలో చాలా వారాలకి డిస్నీ అందరికీ ఏదో ఒక తగ్గింపు ఇస్తూనే ఉంటుంది. అదే వారానికి అందరికీ ఇరవై శాతం ఆఫర్ ఉందనుకోండి, పాస్ లేకుండానే గది 224కి వస్తుంది. పాస్‌తో 196. తేడా 28, పన్నుతో 31.50. ఇప్పుడు 950 వెనక్కి రావాలంటే దాదాపు ముప్ఫై రాత్రులు కావాలి. ఏ కుటుంబమూ ఏడాదిలో ముప్ఫై రాత్రులు డిస్నీ హోటల్లో ఉండదు.

మరి ఎవరికి గిట్టుబాటు? రెండో ట్రిప్పులో ఆ మనిషి టికెట్ కొనక్కర్లేదు, అక్కడ 750 మిగిలింది. హోటల్ మీద రాబట్టాల్సింది 200 మాత్రమే. రెండు ట్రిప్పులూ కలిపి పది రాత్రులైతే, రాత్రికి 31.50 చొప్పున 315 వస్తుంది, అంటే 115 లాభం. రెండు గదులైతే హోటల్ వాటా రెట్టింపవుతుంది. వస్తువుల దుకాణాల్లో ఇరవై శాతం, కొన్ని రెస్టారెంట్లలో పది శాతం చొప్పున తగ్గేది అదనం. చూశారుగా, మన కిటుకులో ప్రధాన పాత్ర రెండోసారి టికెట్‌ది, హోటల్ తగ్గింపు పక్కవాద్యం. పార్కింగ్‌ని లాభంలో కలిపేవాళ్ళున్నారు. డిస్నీ హోటల్లో దిగినవాళ్ళకి పార్కుల దగ్గర పార్కింగ్ ఎలాగూ ఉచితం, హోటల్లో రాత్రి పార్కింగ్ కూడా 2023 జనవరి నుంచి ఉచితమే. పాస్ వల్ల కలిసొచ్చేది బయట దిగినప్పుడే.

తేదీల దగ్గర ఇంకో మెలిక. పాస్ ఏడాది కొన్న రోజు నుంచి కాదు, మొదటిసారి వాడిన రోజు నుంచి. థాంక్స్‌గివింగ్‌కి వెళ్ళి, మళ్ళీ థాంక్స్‌గివింగ్‌కి వెళ్తామంటే కుదరదు. 2026లో పండగ నవంబర్ 26న, 2027లో 25న. మొదటిసారి 21వ తేదీ శనివారం పార్కులో అడుగుపెడితే, వచ్చే ఏడాది పండగ వారం మొదలయ్యేసరికి పాస్ కాలం చెల్లిపోతుంది. అదే మొదటి ట్రిప్పు క్రిస్మస్ సెలవుల్లో, రెండోది వచ్చే థాంక్స్‌గివింగ్‌కి పెట్టుకుంటే పదకొండు నెలల్లో రెండూ పడతాయి. అయితే ఈ రద్దీ వారాల్లోనే గది తగ్గింపులు సన్నగిల్లుతాయి, కొన్ని రాత్రులకి అసలు ఉండవు. ఒక ట్రిప్పు ఆగస్టు చివరో సెప్టెంబరో చూసుకోగలిగితే గది రేటే తక్కువ, ఆఫర్లూ ఎక్కువ. బడికి వెళ్ళని పిల్లలున్నవాళ్ళకి ఇది వరం, ఎండా వానా ఓర్చుకుంటే. మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్ కూడా అక్కర్లేదు.

బుకింగ్ క్రమం ఇలా. ముందుగా ప్యాకేజీ కాకుండా గది ఒక్కటే బుక్ చెయ్యండి. ప్యాకేజీలో పార్క్ టికెట్లు కలిసి ఉంటాయి. పాస్ పెట్టుకుని అది తీసుకుంటే ఒకరి టికెట్ రెండుసార్లు కొన్నట్టే. రద్దు షరతులూ వేరు: గది ఒక్కటే అయితే ఒక రాత్రి అద్దె అడ్వాన్సు, వెళ్ళడానికి ఆరు రోజుల ముందు దాకా రద్దు చేస్తే మొత్తం వెనక్కి. ప్యాకేజీకి ముప్ఫై రోజుల ముందే తేల్చుకోవాలి. అలా గదిని చేతిలో పెట్టుకుని ఆఫర్ల కోసం చూస్తూ ఉండండి. పాస్ వాళ్ళ ఆఫర్ రాగానే పాత రిజర్వేషన్ తనంతట తాను తగ్గదు, మీరే ఫోన్ చేసో సైట్‌లోనో మార్పించుకోవాలి. ఆ రేటుకి కేటాయించిన గదులు కొన్నే ఉంటాయి, రెండు మూడు రోజులు ఆలోచిద్దామనుకుంటే అయిపోతాయి. మీరు తీసుకున్న రకం గదికి తగ్గింపు లేకపోతే పక్క రకానికి ఉందేమో అడగండి. సరస్సు వైపు గది తగ్గింపుతో, పార్కింగ్ వైపు గది మామూలు రేటు కంటే చవగ్గా దొరికే రోజులుంటాయి. కొత్త రేటు ఖాయం కాకముందే పాతది రద్దు చెయ్యకండి.

పాస్ తర్వాత కొనొచ్చులే అని గది ముందు బుక్ చేసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. పాసుల అమ్మకం ఎప్పుడూ తెరిచి ఉంటుందన్న హామీ లేదు. 2021 నవంబర్‌లో కొత్తవాళ్ళకి దాదాపు అన్ని రకాలూ ఆపేసి, 2023 ఏప్రిల్ దాకా తెరవలేదు. అలాగే మామూలు టికెట్‌తో వెళ్ళి, నచ్చితే టికెట్ కాలం తీరేలోపు పార్కు దగ్గర గెస్ట్ రిలేషన్స్ అనే కౌంటర్‌లో పాస్ కింద మార్పించుకోవచ్చు, కట్టిన డబ్బు జమ వేసుకుంటారు. రెండో ట్రిప్పు మీద అనుమానం ఉన్నవాళ్ళకి ఇదే మంచి దారి. కాకపోతే ఆ ట్రిప్పు హోటల్ బిల్లుకి దాని ఉపయోగం ఉండదు. పాస్ వాళ్ళకి కొన్ని రోజులకి పార్క్ రిజర్వేషన్ కూడా కావాలి, ఆ క్యాలెండర్ సైట్‌లో ఉంటుంది.

ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ పార్కుల కథ వేరు. అక్కడ సీజనల్, పవర్, ప్రిఫర్డ్, ప్రీమియర్ అని నాలుగు మెట్లు, ఏ రాష్ట్రం వాళ్ళైనా ఏదైనా కొనుక్కోవచ్చు. కింది మెట్టు పాస్ ధర కొద్ది రోజుల టికెట్‌కి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అదనపు భారం వందల్లో కాదు, పదుల్లో తేలొచ్చు. రెండు మూడు రాత్రుల తగ్గింపుతోనే అది పూడిపోతుంది. చవక పాసుకి పార్కులోకి రానివ్వని రోజులు ఎక్కువ, పండగ వారాలు ముఖ్యంగా. పాస్ కొన్నాక కాదు, ముందు ఆ క్యాలెండర్ చూడాలి. 2025 మేలో తెరిచిన కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ మొదట్లో పాసుల్లో కలిసి లేదు, మీరు కొనేదానిలో ఏ పార్కులున్నాయో పేరుపేరునా చదవండి.

అక్కడ అసలు డబ్బు మిగిలేది ఎక్స్‌ప్రెస్ దగ్గర. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ ఈ మూడు హోటళ్ళలో దిగితే, గదిలో నమోదైన ప్రతి ఒక్కరికీ పాత రెండు పార్కుల్లో (యూనివర్సల్ స్టూడియోస్, ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్) మామూలు వరుస తప్పించే ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ ఉచితం. దిగిన రోజు, ఖాళీ చేసే రోజు రెండూ లెక్కే. ఒక రాత్రి అద్దెతో రెండు పూర్తి రోజులు. గది సాయంత్రం నాలుగింటికి గానీ ఇవ్వకపోయినా, పొద్దున్నే కౌంటర్‌లో నమోదు చేసుకుని ఎక్స్‌ప్రెస్ కార్డులు తీసుకుని, సామాన్లు అక్కడ అప్పజెప్పి పార్కుకి వెళ్ళొచ్చు. మర్నాడు పదకొండింటికి గది వదిలేసినా పార్కు మూసేదాకా కార్డులు చెల్లుతాయి. ఈ ఎక్స్‌ప్రెస్ విడిగా కొంటే మనిషికి రోజుకి 150 అని వేసుకున్నా నలుగురికి రెండు రోజులు 1,200. గది పన్నుతో కలిపి 500 అయినా తక్కువే, దానిమీద పాస్ తగ్గింపు. మిగతా రాత్రులు యూనివర్సల్ వాళ్ళ చవక హోటళ్ళు కబానా బేలోనో ఎండ్‌లెస్ సమ్మర్‌లోనో గడిపి, ఒక్క రాత్రి ఇక్కడికి మారడం తెలిసినవాళ్ళ పద్ధతి. ఎపిక్‌కీ, నీళ్ళ పార్కు వాల్కనో బేకీ ఈ సదుపాయం వర్తించదు. ఎపిక్‌ని ఆనుకుని ఉన్న హీలియోస్ గ్రాండ్ హోటల్ ఎంత ఖరీదైనా, అక్కడ దిగినవాళ్ళకీ ఈ ఉచిత ఎక్స్‌ప్రెస్ లేదు.

యూనివర్సల్ హోటళ్ళలో రాత్రి పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. పాస్‌తో వచ్చే పార్కింగ్ సదుపాయం పార్కుల గ్యారేజీకే గానీ హోటల్‌కి కాదు. బస్సులో, పడవలో, నడిచి వెళ్ళొచ్చు కాబట్టి ఆ రోజులకి అద్దె కారు మానేస్తే రెండు ఖర్చులు తప్పుతాయి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూసుకోవాల్సింది మూడో పెద్దమనిషి రుసుము. చూపించే రేటు ఇద్దరు పెద్దలకి. ఆపై ప్రతి పెద్దవాళ్ళకీ రాత్రికింత అని కలుపుతారు, దాని మీద పాస్ తగ్గింపు ఉండదు. ఇద్దరు పిల్లలు, నలుగురు పెద్దలైతే రెండు మామూలు గదులా, ఆరుగురు పట్టే ఒక సూటా అన్నది రెండు విధాలా వేసి చూడాలి. డిస్నీ వాళ్ళ ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్, యూనివర్సల్ కబానా బేల ఫ్యామిలీ సూట్లలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి. పెద్దవాళ్ళకి ఓ పూట పెరుగన్నం దొరికితే పార్కు భోజనం బిల్లులో కనబడేంత తేడా వస్తుంది. రైస్ కుక్కర్ పెట్టెలో సర్దే ముందు హోటల్ నియమాలు చదవండి.

బయటి హోటల్‌తో పోల్చేటప్పుడు పైకి కనిపించే 99 డాలర్లు చూడకండి. రిసార్ట్ ఫీజు, పార్కింగ్, పన్ను, రోజూ పార్కు దగ్గర కట్టే పార్కింగ్ అన్నీ కలపండి. అన్నీ కలిపినా బయటిదే చవకని తేలడం మామూలే, అప్పుడు పాస్ ఆలోచనే అక్కర్లేదు.

చివరిగా నెలవారీ వాయిదాలు. డిస్నీ వరల్డ్‌లో అవి ఫ్లోరిడా వాళ్ళకే. యూనివర్సల్‌లో వాయిదాల మీద తీసుకుంటే పన్నెండు నెలలు పూర్తయ్యాక కూడా, మీరు ఆపమనేదాకా, ప్రతి నెలా కార్డు నుంచి లాగుతూనే ఉంటారు. కొన్న రోజే పదకొండో నెలకి ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. మధ్యలో కార్డు మార్చి వాయిదా ఎగ్గొడితే బాకీ వసూలు వాళ్ళ చేతికి వెళ్ళొచ్చు, ఇప్పుడిప్పుడే మొదలైన మీ క్రెడిట్ స్కోరుకి అది మంచిది కాదు.