యాప్‌లు తిరగరాయడానికి రిటైర్మెంట్ పొదుపు తీయాలా?

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా సొంత మొబైల్ యాప్‌ల మీదే బతుకుతున్నాను. నాలుగు యాప్‌లున్నాయి, నాలుగూ రెండు స్టోర్లలోనూ ఉన్నాయి. అన్నీ జామరిన్‌లో (ఒకే కోడ్‌తో ఐఫోన్‌కూ ఆండ్రాయిడ్‌కూ యాప్‌లు రాసే మైక్రోసాఫ్ట్ టూల్) రాసినవే కావడంతో ఇప్పుడు అప్‌డేట్లు పెట్టలేకపోతున్నాను. మొత్తం కొత్తగా రాయాలంటే నాకు ఏడు నెలలు పడుతుంది. త్వరగా తెమలాలంటే బయట ఇద్దరిని పెట్టుకోవాలి. వాళ్లకూ, ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్ మార్చడానికీ కలిపి రిటైర్మెంట్ పొదుపులో మూడో వంతు తీద్దామనుకుంటున్నాను. లేదంటే ఇవన్నీ పక్కనపెట్టి ఉద్యోగం చూసుకోవడమే నయమా?

జవాబు: రిటైర్మెంట్ పొదుపు జోలికి వెళ్లకండి. ఉద్యోగం సంగతి ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. ముందు మీరు పంపిన లెక్కల్నే ఒకసారి తిరగేద్దాం. ఏ కరెన్సీలో సంపాదించేవాళ్లకైనా పనికొచ్చేలా మీ నెల ఇంటిఖర్చును 100 అనుకుని, మిగతా అంకెలన్నీ దాంతో పోల్చి చెబుతాను.

ఆ లెక్కన స్టోర్ల కమిషన్ పోగా మీకు నెలకు సగటున 170 వస్తోంది. రెండేళ్ల కింద 210 వచ్చేది. అంటే ఏటా 10% చొప్పున కరుగుతోంది. పన్నుకు 34, సర్వర్లకూ టూల్స్‌కూ 10 తీసేస్తే చేతిలో మిగిలేది 126. అత్యవసర నిధి 400 ఉంది, రిటైర్మెంట్ పొదుపు 3,000. అందులోంచి 1,000 తీద్దామంటున్నారు. ఏటా 6% చొప్పున పెరిగినా ఆ వెయ్యి 20 ఏళ్లకు 3,200 అవుతుంది. ఇవాళ మీరు రాసే కోడ్ అప్పటికి ఎక్కడా ఉండదు.

అసలు ఇంతదాకా ఎలా వచ్చిందో చూస్తే తర్వాతి లెక్క తేలికవుతుంది. జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ 2024 మే 1న మద్దతు ఆపేసింది. ఆ రోజు మీ యాప్‌లకు ఏమీ కాలేదు, డబ్బు వస్తూనే ఉంది, కాబట్టి మీరూ పట్టించుకోలేదు. దెబ్బ తగిలింది స్టోర్ల గడువుల దగ్గర. జామరిన్ ఎక్స్‌కోడ్ (ఐఫోన్ యాప్‌లు తయారుచేసే యాపిల్ టూల్) 15, ఆండ్రాయిడ్ 14 వరకే వచ్చి ఆగిపోయింది. యాప్ స్టోరేమో 2025 ఏప్రిల్ 24 నుంచి కనీసం ఎక్స్‌కోడ్ 16తో తయారైనవే తీసుకుంటానంది. గూగుల్ ప్లే 2025 ఆగస్టు 31 నుంచి అప్‌డేట్లకు ఆండ్రాయిడ్ 15 టార్గెట్ (యాప్‌ను ఆ వెర్షన్‌కు తగ్గట్టు తయారుచేయడం) తప్పనిసరి చేసింది. ఇవేవీ ఊడిపడ్డ గడువులు కావు. టార్గెట్ నిబంధనను ప్లే 2018 నుంచి అమలు చేస్తూ ఏటా ఒక మెట్టు పెంచుకుంటూ వస్తోంది. ఎక్స్‌కోడ్ వెర్షన్ గడువును యాపిల్ కొన్నేళ్లుగా ఏప్రిల్‌లోనే పెడుతోంది. అద్దె, బీమా ప్రీమియం లాగే ఇదీ ఏటా తేదీ తెలిసి వచ్చే ఖర్చు. మీ బడ్జెట్‌లో దానికి గడి లేదు, అంతే.

ఒక ఊరట ఉంది. అప్‌డేట్ పెట్టలేకపోయినంత మాత్రాన రాబడి ఒక్కసారిగా సున్నా కాదు. ఇప్పటికే వాడుతున్నవాళ్ల ఫోన్లలో యాప్ నడుస్తూనే ఉంటుంది. టార్గెట్ మరీ పాతబడితే, కొత్త ఆండ్రాయిడ్ ఉన్న కొత్త వినియోగదారులకు ప్లేలో అది కనిపించడం మానేస్తుంది. కుండకు చిల్లు పడింది, ఇంకా పగల్లేదు. ఏడు నెలలు అన్నీ ఆపుకుని కూర్చోవాల్సినంత అవసరం లేదు.

ఇప్పుడు గంటల లెక్క. మీ అంచనా మొత్తం 1,050 గంటలు: బిల్లుల యాప్‌కు 500, పనిగంటల యాప్‌కు 250, మిగతా రెండింటికీ కలిపి 300. రాబడి మాత్రం ఈ నిష్పత్తిలో లేదు. బిల్లుల యాప్ నెలకు 119 తెస్తోంది, పనిగంటలది 34, మిగతా రెండూ కలిపి 17. బయట కాంట్రాక్ట్ పనికి మీకు గంటకు 1.2 ఇస్తామంటున్నారని రాశారు. మీ గంట విలువ అదే అనుకోండి. అప్పుడు బిల్లుల యాప్‌ను కొత్తగా రాయడానికి అయ్యే ఖర్చు 600, అది ఐదు నెలల రాబడికి సమానం. పనిగంటల యాప్‌ది 300, తొమ్మిది నెలలు. చివరి రెండింటివి 360, అవి తిరిగి రావడానికి 21 నెలలు పడుతుంది. ఆలోగా ఇంకో రెండు గడువులు వచ్చిపడతాయి. ఆ రెండు యాప్‌లనూ తాకకండి, వచ్చినన్నాళ్లు రానివ్వండి. ఎనిమిదేళ్లు పెంచుకున్నవాటిని వదిలేయమంటే మనసొప్పదని తెలుసు, కానీ 17 కోసం 300 గంటలు మాత్రం వద్దు.

బిల్లుల యాప్‌ను కూడా మొదటి నుంచి రాయాలని పట్టుబట్టకండి. జామరిన్‌లో రాసిన సీ షార్ప్ భాష కోడ్‌ను అలాగే ఉంచుకుని, దాని స్థానంలో మైక్రోసాఫ్ట్ తెచ్చిన డాట్‌నెట్ మావికి మారిస్తే 180 గంటలు, పనిగంటల యాప్‌కు 100 గంటలు చాలని మీ షీట్‌లోనే ఓ మూల రాసుకున్నారు. మొత్తం 280. ఇలాంటి అంచనాలు ఎప్పుడూ తప్పుతాయి కాబట్టి 40% కలిపి 392 అనుకుందాం. మీరు నెలకు పనిచేసే 150 గంటల్లో 75 ఈ పనికి పెడితే ఐదు నెలల పైచిలుకులో అయిపోతుంది. మిగతా 75 గంటలు కాంట్రాక్ట్ పని ఒప్పుకోండి. దాంతో నెలకు 90 వస్తుంది. బయట ఇద్దరిని పెట్టుకునే ఖర్చూ తప్పుతుంది.

ఆ 40% ఎక్కువగా ఎక్కడికి పోతుందో చెబుతాను, ఎందుకంటే అది డబ్బు పోయే చోటు కూడా. జామరిన్‌లో తెరలు రాసే భాగమైన జామరిన్ ఫార్మ్స్‌లో అప్లికేషన్ ప్రాపర్టీస్ అనే చోట చిన్న చిన్న విలువలు దాచుకునేవారు. మావిలో అది లేదు, ప్రిఫరెన్సెస్ వాడాలి. 'ఈ వ్యక్తి పూర్తి వెర్షన్ కొన్నాడు' అన్న గుర్తును మీరు అక్కడే పెట్టి ఉంటే, కొత్త వెర్షన్ మొదటిసారి తెరిచినప్పుడు పాత చోటు నుంచి చదివి కొత్త చోటికి మార్చే కోడ్ తప్పక ఉండాలి. లేకపోతే డబ్బు కట్టినవాళ్లకే 'కొనండి' అనే తెర కనిపిస్తుంది. ఇక ఒక్క నక్షత్రం రేటింగులు, రీఫండ్లు. అందుకే 'కొనుగోలు పునరుద్ధరించు' బటన్‌ను పాత వెర్షన్ ఉన్న ఫోన్ మీద అప్‌డేట్ చేసి మరీ పరీక్షించాలి. ప్యాకేజీ పేరు, బండిల్ ఐడీ (రెండు స్టోర్లూ యాప్‌ను గుర్తుపట్టే పేర్లు), సైనింగ్ కీ (యాప్ మీదే అని చూపే డిజిటల్ సంతకం) ఏవీ మారకూడదు. కీ మారితే ప్లే అప్‌డేట్‌ను తీసుకోదు. పేరో ఐడీయో మారితే స్టోర్ దాన్ని వేరే యాప్‌గా చూస్తుంది, పాత రివ్యూలూ కొనుగోళ్లూ దానికి రావు. విడుదల కూడా ఒకేసారి అందరికీ కాకుండా మొదట కొద్ది శాతం మందికి, కొన్ని రోజులు చూసి మిగతావారికి.

మీ స్టేట్‌మెంట్లలో ఇంకోటి కనబడింది. యాపిల్ వైపు నుంచి 30% కమిషన్ పోతోంది. 2021 జనవరి నుంచి యాపిల్‌కు స్మాల్ బిజినెస్ ప్రోగ్రామ్ ఉంది. గత ఏడాది రాబడి 10 లక్షల డాలర్లు మించనివాళ్లకు కమిషన్ 15 శాతమే. కానీ అది దానంతట అది రాదు, ఖాతాదారు స్వయంగా దరఖాస్తు చేయాలి. పెయిడ్ యాప్స్ ఒప్పందం తాజా ప్రతికి సమ్మతి ఇచ్చి ఉండాలి, చేతిలో వేరే డెవలపర్ ఖాతాలుంటే వాటినీ చూపించాలి. మీ 170లో యాపిల్ వైపు నుంచి మీ చేతికి వచ్చేది 84. అంటే అమ్మకం 120. కమిషన్ 15 శాతానికి దిగితే చేతికి 102 వస్తుంది. ఒక్క ఫారానికి నెలకు 18. కోల్పోయిన నెలల డబ్బు వెనక్కి రాదు, కాబట్టి కోడ్ ముట్టుకోకముందే ఈ పని చేయండి.

నెలవారీ లెక్కలో మీరు కంగారు పడ్డ చోటు ఒకటుంది. 'పోయిన నెల ఐదో వంతు పడిపోయింది' అని రాశారు. యాపిల్ ఆర్థిక నెలలు క్యాలెండర్ నెలలు కావు. మామూలుగా ప్రతి త్రైమాసికంలో ఒక నెల 35 రోజులు, మిగతా రెండూ 28. 35 నుంచి 28కి వస్తే ఏమీ జరగకుండానే 20% తగ్గినట్టు కనిపిస్తుంది. రోజుకెంత అని చూసుకోండి, లేదా త్రైమాసికాలను పోల్చండి. డబ్బు కూడా యాపిల్ దగ్గర్నుంచి నెల ముగిసిన 45 రోజుల్లోపు, గూగుల్ నుంచి తర్వాతి నెల 15 ప్రాంతంలో వస్తుంది. అమ్మకాలు పడిపోయిన సంగతి బ్యాంకు ఖాతాకు ఆలస్యంగా తెలుస్తుందన్నమాట. అందుకే మీ అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు కాదు, ఎనిమిది నెలలది ఉండాలి: 800.

ఇక 170కి ఆ 18 కలిపి వచ్చే 188ని ఇలా విడదీయండి. డబ్బు పడిన రోజే పన్నుకు 38 వేరే ఖాతాకు వెళ్లాలి. టూల్స్‌కు 10. ఏటా వచ్చే స్టోర్ గడువుల ఖర్చుకు ప్లాట్‌ఫామ్ నిధి పేరుతో 19 విడిగా. మీకు జీతంగా 100, ఎక్కువ వచ్చిన నెలలోనూ అంతే. మిగిలిన 21 అత్యవసర నిధికి. కాంట్రాక్ట్ పని ఐదు నెలల్లో 450 తెస్తుంది, పన్ను పోగా 360. ఈ లెక్కన ఐదు నెలలకు మీ నిధి 800 దాటుతుంది.

మ్యాక్‌ను ప్లాట్‌ఫామ్ నిధిలోంచి కొనండి. ఇంటెల్ మ్యాక్‌లకు టహో అనే వెర్షనే ఆఖరి మ్యాక్‌ఓఎస్ అని యాపిల్ 2025 జూన్‌లోనే చెప్పింది, కాబట్టి మార్చక తప్పదు. కానీ మీ యంత్రంలో దాని ముందు వెర్షన్ సెకోయా నడుస్తోంది, తాజా అప్‌డేట్ వేసుకుంటే ఎక్స్‌కోడ్ 26 దాకా గడుస్తుంది. మ్యాక్‌కూ, పరీక్షలకు రెండు ఫోన్లకూ కలిపి మీరు వేసిన ధర 114. నెలకు 19 చొప్పున ఆరు నెలలు. ఏటా 99 డాలర్ల యాపిల్ డెవలపర్ సభ్యత్వం కూడా ఈ నిధిలోంచే. దానికి డబ్బు కట్టే కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో ఇవాళే చూసుకోండి. సభ్యత్వం ఆగితే యాప్‌లు స్టోర్ నుంచి దిగిపోతాయి.

ఉద్యోగం మాటకొస్తే, దానికి గీత గీసి పెట్టుకోవచ్చు. 20% పన్ను, 10% ప్లాట్‌ఫామ్ నిధి, టూల్స్ 10 పోగా ఇంటికి 100 మిగలాలంటే స్టోర్ల నుంచి కనీసం 157 రావాలి. ఇప్పటి 188 పాత వేగంతోనే తగ్గితే ఏడాదికి 169, రెండేళ్లకు 152. ఈ మరమ్మతులన్నీ కలిసి మీకు కొనిపెట్టేది ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు. ఆదా అయిన 658 గంటలు అందుకే ఉన్నాయి: బిల్లుల యాప్‌కు కొత్త కొనుగోలుదార్లను తెచ్చే పనికి గానీ, ఇంకో యాప్‌కు గానీ వాడండి. వరుసగా రెండు త్రైమాసికాల సగటు 157 కిందికి వస్తే మాత్రం కాంట్రాక్ట్ పనిని నెలకు 75 గంటల నుంచి 120కి పెంచండి, ఉద్యోగాల దరఖాస్తులూ అప్పుడే మొదలుపెట్టండి. నిధిలో 800 చెక్కుచెదరకుండా ఉండగా వెతుక్కుంటే, వచ్చిన మొదటి ఆఫర్‌కే తలూపాల్సిన పని ఉండదు.