వట్టివేళ్ళా, ఊదా?

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు.

పెళ్ళికి అత్తరు కొందామని చార్మినార్ వెళ్ళి, ఖస్, ఊద్ రెండూ నచ్చి, ఏదీ తేల్చుకోలేక తిరిగొచ్చానని రాశావు. కొనకుండా రావడమే మంచిదైంది. నాలుగైదు సీసాలు వాసన చూసేసరికి ముక్కు మొద్దుబారి, అన్నిటికంటే ఘాటుగా ఉన్నదే గొప్పదనిపిస్తుంది.

ఖస్ అంటే మన వట్టివేళ్ళే. మా నాయనమ్మ వేసవిలో గుడ్డలో మూటకట్టి మంచినీళ్ళ కుండలో వేసేది. గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లితే ఇల్లంతా చల్లటి మట్టి వాసన. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఆ వేళ్ళనే డేగ్ అనే రాగి పాత్రలో నీళ్ళుపోసి కాచి, ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే ఇంకో పాత్రలోకి పంపి అత్తరు తీస్తారు. ఊద్ దీనికి పూర్తిగా ఎదురు. అస్సాం వైపు పెరిగే అగరు చెట్టుకు గాయమై బూజు పడితే, తనను కాపాడుకోవడానికి చెట్టు ఒక బంక ఊరుస్తుంది. ఆ బంక పట్టి నల్లబడ్డ చెక్క నుంచి తీసేది ఊద్. తోలు, పొగ కలిసినట్టు వేడిగా ఉంటుంది. అన్ని చెట్లలోనూ ఆ బంక ఊరదు కాబట్టి అసలుది చాలా ఖరీదు. చవగ్గా ఇస్తామంటే అది కల్తీ సరుకే అనుకో.

నీ ముహూర్తం మే నెలలో, పట్టపగలు. హోమం పొగ, జనం, చెమట. నా మాట విని ఖస్ తీసుకో. మీ అత్త పెళ్ళికి అలాంటి ఎండలోనే నేను ఊద్ దట్టంగా పూసుకున్నాను. పక్కన కూర్చున్న మా నాయనమ్మ తలనొప్పి తట్టుకోలేక లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది. మనవరాలి మెడలో తాళి పడటం చూడలేకపోయింది. గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంకా టెన్షన్‌గా ఉంటే మళ్ళీ వెళ్ళి ఒక్కో మణికట్టు మీద ఒక్కోటి రాయించుకో. రుద్దకు. కొట్లో నిలబడకుండా ఇంటికొచ్చెయ్. అత్తరులో స్పిరిట్ ఉండదు కనుక మెల్లగా విచ్చుకుంటుంది, ఒంటి వేడిని బట్టి మారుతుంది. సాయంత్రం మళ్ళీ చూడు. వీలైతే అమ్మాయికీ చూపించు, పీటల మీద నీ పక్కన కూర్చునేది తనే కదా.

చెవి వెనక ఒక్క చుక్క చాలు. పట్టుబట్టల మీద పూయకు, నూనె మరక ఓ పట్టాన పోదు. ఊద్ మీద మనసు పడ్డావు కాబట్టి చిన్న సీసా ఒకటి కొనుక్కో. కార్తీకమాసం చలిలో, రాత్రి పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు తియ్యి.

మీ పెదనాన్న