డమ్మీ పావురాలు పెట్టి పొలంలో పావురాలను కాల్చడం కొత్తగా ఎలా మొదలుపెట్టాలి? మన చెనిక్కాయ చేలకు ఆ పద్ధతి పనికొస్తుందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇంగ్లండ్‌లో ఉన్న మీ తమ్ముడు అక్కడి రైతుల పొలాల్లో పావురాలను కాల్చడం మొదలుపెడదామనుకుంటున్నాడు, అతనికి సలహా కావాలి. అదే పద్ధతి మన చిత్తూరు వైపు చెనిక్కాయ విత్తేటప్పుడు పనికొస్తుందా అన్నది రెండోది. రెండోదానికి ముందే చెప్పేస్తున్నాను: ఇక్కడ కాల్చే ఆలోచనే పెట్టుకోవద్దు. ఎందుకో కింద రాస్తాను.

మాది పలమనేరు దగ్గర మెట్ట వ్యవసాయం. మధ్యలో కొన్నేళ్ళు నేను ఇంగ్లండ్‌లో నార్ఫోక్ వైపు ఒక వృద్ధాశ్రమంలో పనిచేశాను. అక్కడ ఉండే ఒక పెద్దావిడ కొడుకు రైతు. మా ఇంట్లోనూ వ్యవసాయమే అని తెలిసి, సెలవు రోజుల్లో నన్ను పొలానికి తీసుకెళ్ళేవాడు. నేను తుపాకీ పట్టలేదు. ఆయన పక్కన మాటులో కూర్చుని చూశాను, చచ్చిన పిట్టలను ఏరుకొచ్చాను. ఆ కూర్చోవడంలోనే నేర్చుకోవాల్సినదంతా ఉంది.

అక్కడ పంటను తినేది మన గోపురాల మీద ఉండే పావురం కాదు, వుడ్ పిజన్ అనే అడవి పావురం. అర కిలో దాకా తూగుతుంది, మెడ పక్కన తెల్ల మచ్చ, రెక్క మీద తెల్ల పట్టీ ఉంటాయి. చలికాలంలో ఆవజాతి నూనెపంట ఆకులు కొరికేస్తుంది, వసంతంలో బఠానీ విత్తనాల మీద పడుతుంది. గుంపు దిగిందంటే పొలంలో మచ్చలు మచ్చలుగా ఖాళీలు కనిపిస్తాయి. అందుకే పంట నష్టం ఆపడానికి అక్కడి ప్రభుత్వం జనరల్ లైసెన్స్ కింద, అంటే ఎవరికి వారు విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేని అనుమతి కింద, కాల్చనిస్తుంది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో దాని పేరు జీఎల్ 42. సరదాకు కాల్చుకోమని ఇచ్చిన కాగితం కాదు అది. నష్టం నిజంగా ఉండాలి, ముందు బెదిరించే పద్ధతులు వాడి ఉండాలి. 2019 ఏప్రిల్‌లో వైల్డ్ జస్టిస్ అనే వన్యప్రాణుల పక్షాన నిలిచే సంస్థ కోర్టుకు వెళ్తామనేసరికి పాత లైసెన్సులను ఉన్నపళంగా రద్దు చేశారు కూడా. కాబట్టి మీ తమ్ముణ్ణి తను కాల్చబోయే ఏడాది నిబంధనలు తనే చదువుకోమనండి. పోలీసుల దగ్గర షాట్‌గన్ సర్టిఫికెట్, రైతు రాసిచ్చిన అనుమతి, రెండూ చేతిలో ఉండాలి.

ఇక అసలు విషయం. ఒక మార్చి నెలలో బఠానీ విత్తిన పొలానికి వెళ్ళాం. ఆ రోజు రైతు బంధువుల కుర్రాడు ఒకడు వచ్చాడు. కొత్త తుపాకీ, కొత్త ఆకుపచ్చ జాకెట్, సంచి నిండా ప్లాస్టిక్ పావురాలు. ఆ బొమ్మలను చూసి అక్కడ మేత ఉందనుకుని నిజం పిట్టలు దిగాలన్నది ఉపాయం. ముందు రోజు సాయంత్రం గుంపు పొలం నడిమధ్యన కూర్చుని ఉండగా చూశాడట, అందుకని అక్కడే బొమ్మలు పేర్చి, దగ్గర్లోని కంచె చాటున వల కట్టుకుని మాటు వేశాడు. పావురాలు వస్తూనే ఉన్నాయి, ఒక్కటీ దిగదు. యాభై గజాల దూరంలో పిట్ట కనిపిస్తే చాలు, వీడు లేచి నిలబడుతున్నాడు. వాడి ముఖం వల మీదుగా తెల్లగా మెరుస్తోంది. పిట్ట గిర్రున తిరిగి వెళ్ళిపోతోంది. వీడికి టెన్షన్ పెరిగి, అందని దూరానికి కూడా పేలుస్తున్నాడు.

రైతు ఏమీ అరవలేదు. వెళ్ళి తూటాల సంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. "గంటసేపు కాల్చొద్దు. ఏ పిట్ట ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడ తిరిగింది, అది మాత్రం నాకు చెప్పు" అన్నాడు. కుర్రాడు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. పావుగంట గడిచాక వాడే గమనించాడు. వచ్చేవన్నీ ఒకే దారిన వస్తున్నాయి. పొలం మూలన ఉన్న ఓక్ చెట్టు దాకా కంచె వెంబడి వచ్చి, అక్కడ గాలికి ఎదురు తిరిగి వాలాలని చూస్తున్నాయి. పొలం మధ్యలోని బొమ్మల వంక ఒక్కటీ చూడట్లేదు.

గంట అయ్యాక బొమ్మలన్నీ తీసి చెట్టు వైపు మార్చాం. లాడం ఆకారంలో పేర్చాం. గాలి మా వీపున తగులుతోంది, లాడం నోరు గాలి పోయే వైపు తెరిచి ఉంది. పావురం గాలికి ఎదురుగానే దిగుతుంది కాబట్టి, ఆ నోట్లోంచి మా వైపే రావాలి. మధ్యలో ఖాళీ వదిలాం, పిట్ట వాలడానికి అదే చోటు. ఆ ఖాళీ మాటు నుంచి ఇరవై, ఇరవై అయిదు గజాలు దాటలేదు. అప్పుడు చూడాలి, రెక్కలు ముడిచి జారుకుంటూ నేరుగా వచ్చాయి. రైతు భుజం తట్టేదాకా కుర్రాడు కదల్లేదు.

మీ తమ్ముడికి నా సలహా ఇదే. మొదటి సీజన్ తుపాకీ లేకుండా వెళ్ళమనండి. పిట్టల దారి, గాలి, అవి మేసే వేళ తెలిస్తే నాసిరకం బొమ్మలు కూడా పనిచేస్తాయి, తెలియకపోతే మోటారుతో బొమ్మలను గిరగిరా తిప్పే ఖరీదైన యంత్రం పెట్టినా దండగే. యూట్యూబ్‌లో అందరూ తుపాకీ కంపెనీ గురించి, తూటాలో ఆరో నంబరు సైజు గుండ్లా అయిదో నంబరువా అని గంటలు గంటలు మాట్లాడతారు. పొలం గట్టున ఊరికే కూర్చునే రెండు గంటలను మాత్రం ఎవరూ చూపించరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అవతల కాలిబాట, మనిషి, పశువు ఉన్నాయేమో చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు, కంచె ఎత్తుకు కిందుగా ఎగిరే పిట్టను వదిలేయాలి. గాయపడినదాన్ని వెతికి పట్టుకోకుండా ఇంకోదాన్ని కొట్టేవాడు నా దృష్టిలో వేటగాడు కాదు.

ఇప్పుడు మన చేల సంగతి. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కాల్చడం ఒక్కటే వేట అనుకోకండి. ఉచ్చు, వల, ఎర, చివరికి ప్రయత్నం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. పంజరంలో పెంపుడు కౌజును పెట్టి కూయించి మిగతా కౌజులను పట్టడం మన వైపు పాత విద్య, అదీ నేరమే. ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు కదా అని కుర్రాళ్ళు వాదిస్తారు. తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేకపోవడం వేరు, దాంతో గువ్వను కొట్టడానికి అనుమతి ఉండడం వేరు.

అయినా మన చెనిక్కాయకు పావురం అంత పెద్ద శత్రువు కాదు. పావురానికి, గువ్వకు కోడిలాగా కాళ్ళతో గీరే అలవాటు లేదు. పైన పడి ఉన్న గింజనే ముక్కుతో ఏరుకుంటాయి. పాతిన విత్తనాన్ని తవ్వి తీసేది కాకి, నెమలి, రాత్రయితే అడవిపంది. కాబట్టి గొర్రు తిప్పే మూలల్లో ఒలికిన గింజలను అదే రోజు ఏరించండి. విత్తనం అయిదు సెంటీమీటర్ల లోతున, పదునులో పడేలా చూసి పైన మట్టి సరిగ్గా కప్పించండి. సగం పావురాల గొడవ అక్కడే తీరిపోతుంది. మిగిలింది మొలక వచ్చేదాకా, అంటే వారం పది రోజుల కాపలా. తెల్లారి మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు మనిషి చేలో ఉండాలి.

ఆ మనిషే దొరకట్లేదు. మా చిన్నాయన మంచె మీద కూర్చుని వడిసెల తిప్పితే రాయి పిట్టకు తగిలేది కాదు, ఆ చప్పుడుకే గుంపు లేచి పక్క ఊరికి పోయేది. ఆయన కూడా ముందు చూసేది దారే. చింతచెట్టు మీద నుంచి వస్తున్నాయా, చెరువు కట్ట మీద నుంచా అని చూసి మంచె అటువైపు వేయించేవాడు. ఇప్పుడు కుర్రాళ్ళంతా బెంగళూరులో ఉన్నారు. మెరిసే రిబ్బన్లు కట్టమని అమ్మేవాళ్ళు వస్తారు, నాలుగు రోజులకే పిట్టలు వాటికి అలవాటు పడతాయి. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగిన ఏడాది పావురాల గురించి మాట్లాడే ఓపిక కూడా మాకు ఉండదు. తొక్కిన పంటకు పరిహారం కోసం ఫోటోలు, కాగితాలు పట్టుకుని తిరిగీ తిరిగీ విసిగిపోయాం.

రిబ్బన్లే కడతానంటే రెండు రోజులకోసారి చోటు మార్చండి. అవి కూడా చేను చుట్టూ కాకుండా, పిట్టలు వచ్చే వైపు మాత్రమే కట్టండి. ఏ వైపు నుంచి వస్తున్నాయో తెలియాలంటే విత్తడానికి ముందు రెండు రోజులు పొద్దున్నే గట్టున కూర్చోండి.