‘ఇంట్లో చెప్పొద్దు’ అనే కోచ్ దగ్గర పాపను ఉంచాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా పాపకు 11 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది, ఇప్పుడు లెవెల్ 7. వారానికి 18 గంటల ప్రాక్టీసు. ఈ ఏడాది కొత్త కోచ్ వచ్చింది. బీమ్ (నడుస్తూ విన్యాసాలు చేసే సన్నటి దూలం) మీద రొటీన్ కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేయిస్తుంది, హాలంతా వినపడేలా అరుస్తుంది. పాప ఏడిస్తే నాటకాలు అంటుందట, ఆ తర్వాత రెండేసి రోజులు దాని వంక కూడా చూడదట. ఒకసారి అందరి ముందూ ‘ఆ పొట్ట చూసుకో’ అందట. మడమ నొప్పి అని చెబితే సాకులు అని కొట్టిపారేసిందట. జిమ్‌లో మాటలు ఇంట్లో చెప్పొద్దని పిల్లలందరికీ చెప్పిందని ఈమధ్యే తెలిసింది. పాప అన్నం బాగా తగ్గించేసింది. ప్రాక్టీసు ఉన్న రోజు కడుపునొప్పి అంటోంది. మానేస్తావా అంటే మాత్రం వద్దని ఏడుస్తోంది. మావారు ‘మేం బెత్తం దెబ్బలు తిని బాగుపడలేదా’ అంటారు. ఇది కోచింగా, వేధింపా? – ఒక తల్లి

జవాబు: మీరు రాసినవన్నీ ఒకే గాటన కట్టకుండా చూద్దాం. మళ్ళీ మళ్ళీ చేయించడం తప్పు కాదు. 10 సెంటీమీటర్ల వెడల్పున్న బీమ్ మీద వెనక్కి దూకే పిల్లకు ఆ కదలిక ఒంటికి పట్టేదాకా చేయించకపోతేనే ప్రమాదం. గొంతు పెద్దదైనంత మాత్రాన కూడా నేను తప్పు పట్టను. అంత పెద్ద హాల్లో, పక్కన ఇంకో గ్రూప్ దూకుతుంటే, మెల్లగా చెబితే ఎవరికి వినిపిస్తుంది? ‘మోకాళ్ళు వంచకు, మళ్ళీ చెయ్’ అని ఎంత గట్టిగా అరిచినా ఆ మాట చేసే పని గురించే. తర్వాత ఏం సరిచేసుకోవాలో అందులోనే ఉంది. ‘ఆ పొట్ట చూసుకో’ అన్నదాంట్లో సరిచేసుకోవడానికి ఏముంది? పిల్ల సిగ్గుతో చచ్చిపోవడం తప్ప ఇంకేం నేర్చుకోదు.

కాబట్టి కోచ్ ఎంత గట్టిగా మాట్లాడుతుందో కాదు, రెండు సంగతులు చూడండి. ఆ గట్టితనం పని మీదా, పిల్ల మీదా? ‘నొప్పిగా ఉంది’, ‘భయంగా ఉంది’ అని చెప్పిన పిల్లకు ఏమవుతోంది? ఈ రెండింట్లోనూ మీ పాప విషయంలో గీత దాటిపోయిందనే నా అభిప్రాయం. ఇది వేధింపే.

రెండు రోజులు చూడకుండా వదిలేయడాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు, ‘కొట్టలేదు, తిట్టలేదు కదా’ అంటారు. అమెరికాలో ఒలింపిక్ క్రీడల్లో ఇలాంటి ఫిర్యాదులు చూడటానికి 2017లో సేఫ్‌స్పోర్ట్ అనే కేంద్రం మొదలైంది. దాని నియమావళి మానసిక వేధింపు గురించి చెబుతూ మాటలు, చేతలతో పాటు పిల్లను కావాలని పట్టించుకోకుండా వదిలేయడాన్నీ చేర్చింది. నైపుణ్యం పెంచడానికి, క్రమశిక్షణకు కోచ్‌లు మామూలుగా వాడే పద్ధతులు వేధింపు కిందికి రావని కూడా అందులోనే ఉంది. అంటే కఠినమైన కోచింగ్‌ను ఎవరూ నిషేధించలేదు. వారంలో 18 గంటలు గడిపే చోట ఒక పెద్దమనిషి తనను లేనట్టే చూస్తే 11 ఏళ్ళ పిల్ల ‘కోచ్‌దే తప్పు’ అనుకోదు. నేనే పనికిరానిదాన్ని అనుకుంటుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ‘ఇంట్లో చెప్పొద్దు’ అన్న మాట. మీ టెక్సస్‌లోనే, హంట్స్‌విల్ దగ్గర, పేరున్న జిమ్నాస్టిక్స్ కోచ్‌లు కరోయీ దంపతుల రాంచ్‌లో ఏళ్ళ తరబడి జాతీయ జట్టు క్యాంపులు జరిగాయి. తల్లిదండ్రులకు అక్కడ ప్రవేశం లేదు. నొప్పి గురించి నోరెత్తకూడదని అలవాటైన ఆడపిల్లల మీద జట్టు డాక్టర్ ల్యారీ నాసర్ చేసిన లైంగిక అత్యాచారాల్లో కొన్ని అక్కడే జరిగాయి. 2018 జనవరిలో ఆ క్యాంపులకు స్వస్తి చెప్పారు. మీ కోచ్ అలాంటి మనిషని నేను అనడం లేదు. కానీ పెద్దవాళ్ళు చేసింది అమ్మకు చెప్పకూడదని నేర్చుకున్న పిల్ల, రేపు ఇంకొకరు ఏం చేసినా చెప్పదు.

ఇక మీవారి మాట. బడికి వచ్చి ‘తోలు వలిచెయ్యండి మాస్టారూ’ అని అప్పజెప్పి వెళ్ళిన నాన్నలు మన తరంలో చాలామందికి గుర్తే. దెబ్బలు తిని బాగుపడ్డవాళ్ళే ఇవాళ ఆ మాట చెబుతున్నారు. ఆ బెత్తానికి భయపడి బడి మానేసినవాళ్ళను ఎవరూ అడగలేదు. పైగా ఆయన గుర్తు చేసుకుంటున్న దేశంలోనే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

లెక్కల్లో అయితే భయంతో తప్పు రాస్తే మార్కులు పోతాయి, జిమ్నాస్టిక్స్‌లో మెడ మీద పడతారు. తేడా అక్కడుంది. వెనక్కి తిరిగే స్కిల్స్‌లో పిల్లలకు ఒక్కసారిగా బ్లాక్ వస్తుంది. నిన్నటిదాకా చేసింది ఇవాళ చేయలేరు. అది మొండితనం కాదు, అరిస్తే ఇంకా బిగుసుకుంటుంది. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ అంతటి అమ్మాయి 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో గాలిలో తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చి జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. ఎంతమంది తిట్టారో మీకూ గుర్తుండే ఉంటుంది. 2024లో పారిస్‌లో, 27 ఏళ్ళ వయసులో, మళ్ళీ స్వర్ణాలు గెలిచింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి కెర్రీ స్ట్రగ్ గాయపడ్డ చీలమండతోనే రెండోసారి వాల్ట్ (పరుగెత్తి వచ్చి బల్ల మీంచి దూకే విన్యాసం) చేసింది. లోకం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి మళ్ళీ ఒలింపిక్స్‌లో ఆడలేదు.

పతకం వచ్చినంత మాత్రాన దారి సరైనదని కూడా కాదు. 2016 రియోలో జట్టు స్వర్ణం, బీమ్ రజతం గెలిచిన అమెరికా జిమ్నాస్ట్ లారీ హెర్నాండెజ్, తనను తయారుచేసిన కోచ్ మాటల వల్ల తిండి సమస్యలు వచ్చాయని తర్వాత బయటపెట్టింది. ఆ కోచ్ మ్యాగీ హేనీని 2020లో 8 ఏళ్ళు సస్పెండ్ చేశారు (తర్వాత 5 ఏళ్ళకు తగ్గించారు). బ్రిటన్‌లో జిమ్నాస్టిక్స్‌లో వేధింపుల మీద జరిగిన విచారణ, 2022లో వచ్చిన వైట్ రివ్యూకు 400 మందికి పైగా తమ అనుభవాలు పంపితే, వాటిలో సగానికి పైగా అనుభవాల్లో మానసిక వేధింపు ప్రస్తావన ఉంది. మరుసటి ఏడాది అక్కడ కోచ్‌లు పిల్లల బరువు తూచడాన్నే నిషేధించారు.

మీరు ఈ వారమే చేయాల్సిన పని పాపను పిల్లల డాక్టరుకు చూపించడం. అన్నం తగ్గించింది, కడుపునొప్పి, మడమ నొప్పి అని మూడూ చెప్పండి. పాత బరువు, ఎత్తులతో పోల్చి చూడమనండి. ఈ వయసులో గెంతే పిల్లలకు మడమ ఎముక ఎదిగే చోట నొప్పి రావడం మామూలే. విశ్రాంతి, సరైన వ్యాయామంతో తగ్గుతుంది, కానీ దాన్ని సాకు అనే హక్కు కోచ్‌కు లేదు. ఇంట్లో కూడా బరువు మాట ఎత్తకండి. వీడియో కాల్‌లో ‘బొద్దుగా అయ్యావే’ అని మురిసే అమ్మమ్మకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి, ఆవిడకు కోపం వచ్చినా సరే.

పాపను ‘మానేస్తావా’ అని అడగకండి. నిజం చెప్పినందుకు ఆట పోతుందని తనకు అర్థమవుతుంది. స్నేహితులు, ఇన్నేళ్ళ కష్టం, తన పేరు అన్నీ అక్కడే ఉన్నాయి, ఏడవదా మరి? ‘జిమ్నాస్టిక్స్ ఎక్కడికీ పోదు, మనం మాట్లాడేది ఈ కోచ్ గురించే’ అనండి. కారులో వెళ్ళేటప్పుడు అడిగితే పిల్లలు కాస్త తేలిగ్గా చెబుతారు. విన్నది విన్నట్టు తేదీతో రాసి పెట్టుకోండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకండి.

తర్వాత ఇద్దరూ కలిసి, పాప లేకుండా, జిమ్ ఓనర్‌తో మాట్లాడండి. ఒంటి గురించి మాట అనకూడదు, డాక్టర్ రాసిచ్చింది పాటించాలి, ‘ఇంట్లో చెప్పొద్దు’ అన్నదాన్ని పిల్లలందరి ముందూ వెనక్కి తీసుకోవాలి. ఈ మూడూ అడగండి. అది తేలేదాకా పాపను వేరే కోచ్ గ్రూపులో ఉంచమనండి. కుదరదంటే ఇంట్లోనే ఉంచండి. రెండు వారాల ప్రాక్టీసు పోతే ఏమీ కాదు. ‘మీ అమ్మాయి మరీ సెన్సిటివ్’ అన్న జవాబు వస్తే ఇక ఆ జిమ్‌తో పని లేదు. కట్టిన ఫీజులు ఎలాగూ తిరిగి రావు. నేర్చుకున్నది పాప వెంటే వస్తుంది.

సేఫ్‌స్పోర్ట్‌కు ఫిర్యాదు చేయడానికి మీ దగ్గర రుజువులు ఉండాలని లేదు, విచారించడం వాళ్ళ పని. ఇలాంటి కేసును వాళ్ళు ఈ ఆటకు జాతీయ సంఘమైన యూఎస్ఏ జిమ్నాస్టిక్స్‌కు పంపినా కంగారు పడకండి. ఫిర్యాదు చేసినందుకు పిల్ల మీద కక్ష తీర్చుకోవడం నిబంధనల ప్రకారం మరో తప్పు. కొట్టినట్టు గానీ, తాకరాని చోట తాకినట్టు గానీ పాప నోట వస్తే మాత్రం ఓనర్ దాకా వెళ్ళకుండా నేరుగా పోలీసులకే చెప్పండి. టెక్సస్‌లో పిల్లల మీద అకృత్యం జరిగిందని అనుమానం వచ్చిన ఎవరైనా తెలియజేయాలన్నది చట్టం.

కొత్త జిమ్ వెతకాల్సి వస్తే ట్రోఫీల అలమర చూసి మురిసిపోకండి. ప్రాక్టీసు చూడటానికి కూర్చోనిస్తారా అని అడగండి. ‘పిల్ల భయపడి స్కిల్ ఆపేస్తే మీరేం చేస్తారు?’ అని అడగండి. నేల మీద గీత గీసి చేయిస్తాం, తర్వాత ఎత్తు తక్కువ బీమ్ మీద, మెత్తటి మ్యాట్లు వేసి, అని పనిలోకి దిగి చెప్పే కోచ్ దొరికితే పాపను ఒకరోజు ట్రయల్‌కు తీసుకెళ్ళండి.